మన బండి - మన పనిముట్లు
(తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గర మోటార్ సైకిల్ సంరక్షణ)



ప్రతి సంవత్సరం వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, పోటీ పరీక్షల గురించి, ఆరోగ్యం గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. ఈసారి చేతి పని గురించి ఒక పాఠం రాయాలని మా బ్యాచ్ వాళ్ళం అనుకున్నాము. మేము హాస్టల్ వదిలి వెళ్ళాక రకరకాల పనుల్లో చేరాము. ఒకరు ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేస్తారు. ఒకరు మండలంలో మీటర్ రీడింగ్ తీస్తారు. ఒకరు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం ట్యూషన్లకు తిరుగుతారు. పనులు వేరైనా అందరికీ బండే ఆధారం. బండి ఆగిన రోజు కూలీ పోతుంది, రిపేరుకు ఖర్చు తగులుతుంది. రెండూ కలిపితే ఆ నెల ఇంటికి పంపే డబ్బులో కోత పడుతుంది.

మనలో చాలామంది కొనే మొదటి బండి సెకండ్ హ్యాండ్‌దే. దాని సీటు కింద ఉండవలసిన కంపెనీ పనిముట్ల సంచి అప్పటికే ఎవరో తీసేసుకుని ఉంటారు. కావున బండితోపాటు పనిముట్లు కూడా మనమే సమకూర్చుకోవాలి. ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు, వాటితో ఏ పని వరకు చేయవచ్చు, ఎక్కడ ఆగి మెకానిక్ అన్న దగ్గరకు పోవాలి అనేవి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణలన్నీ మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే 100 సీసీ బండిని దృష్టిలో పెట్టుకుని రాశాము.

ఒక మాట ముందే చెప్పాలి. గేర్లున్న బండి నడపాలంటే 18 సంవత్సరాలు నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తండ్రికో, సంరక్షకునికో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, 3 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. అయితే పానా పట్టడం నేర్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. సైకిలు చైను ఎక్కించడం, పంచరు వేయడం వచ్చిన తమ్ముళ్ళకు ఈ పాఠంలో సగం ముందే తెలుసు.

1. పానా మీద అంకె అంటే ఏమిటి?

పానా మీద 10 అనీ, 12 అనీ అంకెలుంటాయి. అది బోల్టు లావు అని చాలామంది అనుకుంటారు. కాదు. అది నట్టు తలకు ఎదురెదురుగా ఉన్న రెండు పక్కల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. బోల్టు లావు దానికన్నా తక్కువ ఉంటుంది. ఉదాహరణకు 6 మి.మీ. లావున్న బోల్టు తలకు సాధారణంగా 10 నంబరు పానా పడుతుంది. జపాన్ పద్ధతిలో తయారైన బళ్ళలో 8 మి.మీ. బోల్టుకు 12, 10 మి.మీ. బోల్టుకు 14 నంబరు వస్తుంది. ఇతర పద్ధతిలో తయారైన బళ్ళలో 12కు బదులు 13 రావచ్చు. కావున కొట్టుకు వెళ్ళేముందు మన బండికి ఏ నంబర్లు వాడారో ఒక కాగితం మీద రాసుకోవాలి. స్నేహితుని పానాలు ఒక గంట అడిగి తెచ్చుకుని, ఒక్కొక్క నట్టుకూ పెట్టి చూస్తే ఆ పట్టిక తయారవుతుంది. ఈ పని చేస్తే అక్కర్లేని సైజులు కొనే బాధ తప్పుతుంది.

పానాలలో ముఖ్యంగా మూడు రకాలు.

ఓపెన్ పానా: నోరు తెరిచి ఉంటుంది. నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది. ఇరుకు చోట పక్కనుంచి దూర్చవచ్చు. కానీ బాగా బిగిసిన నట్టుకు వాడితే జారి, నట్టు మూలలు అరిగిపోతాయి.

రింగు పానా: గుండ్రంగా ఉండి నట్టు చుట్టూ కూర్చుంటుంది. ఆరు మూలల మీదా బలం సమానంగా పడుతుంది. బిగిసిన నట్టును మొదట వదులు చేయడానికి, చివర బిగించడానికి ఇదే వాడాలి.

టీ పానా, బాక్సు పానా: లోతుగా ఉన్న నట్టులకు, త్వరగా తిప్పడానికి పనికి వస్తాయి. మెకానిక్ షాపులో గోడకు వరుసగా తగిలించి ఉండేవి ఎక్కువగా ఇవే.

స్క్రూ రెంచి ఒక్కటి ఉంటే అన్ని నంబర్లకూ సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. దాని నోరు ఎంత బిగించినా కొంచెం ఆడుతూనే ఉంటుంది. ఇంజను బోల్టుల మీద దాన్ని వాడకపోవడమే మంచిది.

2. మూడు విడతలుగా కొనాలి

మొదటి జీతం రాగానే పెద్ద పెట్టెలో 40 ముక్కల సెట్టు కొనాలని మనసు లాగుతుంది. అందులో సగం మన బండికి పట్టవు. తక్కువ ధర సెట్లలో ఇనుము మెత్తగా ఉండి, నాలుగు నెలలకే పానా నోరు సాగుతుంది. సాగిన పానా నట్టును పాడు చేస్తుంది. ఇరవై రూపాయల నట్టు కోసం వందల రూపాయల పని పడుతుంది. కనుక తక్కువ కొనాలి, గట్టివి కొనాలి. పానా మీద 'క్రోమ్ వెనేడియం' అని ఉంటే మంచిదే గాని, ఆ అక్షరాలు నకిలీ వాటి మీద కూడా ఉంటాయి. పేరున్న కంపెనీ సరుకును, బిల్లు ఇచ్చే కొట్టులో కొనడం క్షేమం. మన దేశంలో చేతి పనిముట్ల తయారీకి పంజాబులోని జలంధర్, లూధియానా పేరు పొందాయి. వాటి సరుకు మన పట్టణాల హార్డ్‌వేర్ కొట్లలో కూడా దొరుకుతుంది.

మొదటి విడత (సుమారు వెయ్యి రూపాయలు)
(1) ఓపెన్ పానాలు: 8-9, 10-11, 12-13, 14-15, 16-17 జంటలు. మన పట్టిక ప్రకారం అవసరమైనవి మాత్రమే.
(2) స్టారు స్క్రూడ్రైవరు 2వ నంబరుది ఒకటి, చదును మొనది ఒకటి.
(3) కటింగ్ ప్లేయరు ఒకటి.
(4) ప్లగ్గు పానా. ప్లగ్గు సైజు బండి బండికీ మారుతుంది గనుక బండి పేరు చెప్పి కొనాలి.
(5) గాలి చూసే గేజి. పెన్ను ఆకారంలో ఉండేది చాలు.

రెండవ విడత (మరో వెయ్యి)
(1) రింగు పానాలు. వెనక చక్రం ఇరుసు నట్టుకు సరిపోయేది తప్పనిసరి.
(2) 8, 10, 12 నంబర్ల టీ పానాలు.
(3) ఎలెన్ కీల సెట్టు.
(4) ఫీలర్ గేజి. ఇది పలుచని రేకుల కట్ట. ప్లగ్గు సందు కొలవడానికి.
(5) కాలితో కొట్టే గాలి పంపు.

మూడవ విడత (వీలు చూసుకుని, నలుగురు కలిసి)
(1) మల్టీమీటరు. బ్యాటరీ వోల్టేజి చూడటానికి చిన్నది చాలు.
(2) సాకెట్ సెట్టు.
(3) టార్కు రెంచి. ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పనిముట్టు. ఒక్కరికి భారం, నలుగురికి తేలిక.

డబ్బు పెట్టకుండా దొరికేవి కూడా ఉన్నాయి. పాత ఐదు లీటర్ల డబ్బాను పక్కకు కోస్తే ఆయిలు పట్టే తొట్టి అవుతుంది. నీళ్ళ సీసా పైభాగం కోస్తే గరాటు. పాత టూత్ బ్రష్షు చైను కడగడానికి. చిరిగిన బనీను తుడవడానికి. విప్పిన నట్టులు పెట్టుకోవడానికి స్టీలు గిన్నె ఒకటి. ఇక పెట్టె సంగతి మీకు చెప్పనక్కర్లేదు. హాస్టల్లో పుస్తకాలు, బట్టలు దాచుకున్న ఇనుప ట్రంకు పెట్టెకన్నా మంచి టూల్ బాక్సు లేదు.

ఎక్కడ కొనాలి? జిల్లా కేంద్రంలోని హార్డ్‌వేర్ కొట్లలో అన్నీ దొరుకుతాయి. హైదరాబాదు వైపు ఉన్నవాళ్ళకు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పనిముట్ల కొట్లు, పుత్లీబౌలిలో బండి స్పేర్ పార్టుల కొట్లు ఉన్నాయి. విజయవాడ వైపు వాళ్ళకు ఆటోనగర్ ఉంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పానాలు కూడా చూడవచ్చు. పాతవి కొనేటప్పుడు పానా నోట్లో కొత్త నట్టు పెట్టి ఆడించి చూడాలి. వదులుగా ఆడితే ఎంత చౌకైనా వద్దు.

3. ఎంత బలంతో బిగించాలి?

తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు ఇక్కడ కొంచెం శ్రద్ధగా చదవాలి. భౌతిక శాస్త్రంలో బల భ్రామకం అని చదువుకుంటారు. బలాన్ని దూరంతో గుణిస్తే భ్రామకం. పానా పని అంతా ఈ ఒక్క సూత్రమే.

10 నంబరు పానా పట్టే 6 మి.మీ. బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల భ్రామకం చాలు. పానా పొడవు 15 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 0.15 మీటరు. 10ని 0.15తో భాగిస్తే సుమారు 67 న్యూటన్లు. అంటే దాదాపు 7 కిలోల బరువు వేలాడదీసినంత బలం. అంతే! చేతి మణికట్టు బలం చాలు. ఇప్పుడు అదే బోల్టుకు 30 సెంటీమీటర్ల పానా వాడితే మూడున్నర కిలోల బలమే సరిపోతుంది. పొడవు రెట్టింపు అయితే బలం సగం కావాలి. మనం ఆ సంగతి మరచి పొడవు పానా మీద కూడా 7 కిలోల బలమే పెడితే బోల్టు మీద రెట్టింపు భారం పడుతుంది.

ఇంజను పైకప్పు అల్యూమినియంతో చేసినది. బోల్టు ఉక్కుది. ఎక్కువ బిగిస్తే మెత్తని అల్యూమినియంలో మరలు చిరిగిపోతాయి. పానాకు ఇనుప పైపు తొడిగి బిగించేవారిని చూస్తుంటాము. అది ధైర్యం కాదు, రిపేరు బిల్లును పిలవడం. బోల్టును ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు తిప్పాలి. చేత్తో సులభంగా తిరిగితేనే మర సరిగ్గా పడినట్టు. ఆ తర్వాతే పానా పెట్టాలి.

అలాగే పానాను ఎప్పుడూ మన వైపుకు లాగాలి. ముందుకు నెట్టితే, జారినప్పుడు చేతి వేళ్ళు ఇంజను ఫిన్నులకు కొట్టుకుంటాయి. నెట్టక తప్పని చోట గుప్పిలి మూయకుండా అరచేతితో నెట్టాలి.

స్టారు స్క్రూల విషయంలో తిప్పే బలంకన్నా లోపలికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి. లేకపోతే మొన పైకి లేచి, స్క్రూ తల గుంట అయిపోతుంది. చిన్న మొన స్క్రూడ్రైవరును పెద్ద స్క్రూకు వాడకూడదు.

4. ఇంటి దగ్గర చేసుకోదగిన ఆరు పనులు

మొదట బండి కంపెనీ ఇచ్చే పుస్తకం సంపాదించాలి. ఆ పుస్తకంలోని అంకెలకే పెద్దపీట. మేమిచ్చే అంకెలు 100 సీసీ బళ్ళలో సాధారణంగా ఉండేవి మాత్రమే. బండికి వారంటీ ఉన్నంత కాలం సర్వీసు కంపెనీ వారి దగ్గరే చేయించడం మేలు.

(అ) గాలి: వారానికి ఒకసారి, బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో పుస్తకంలో గాని, చైను కవరు మీది స్టిక్కరు మీద గాని ఉంటుంది. వెనక మనిషిని ఎక్కించుకున్నప్పుడు, సామాను పెట్టుకున్నప్పుడు వెనక టైరుకు ఎక్కువ గాలి కావాలి. టైరు పక్కన చిన్న త్రిభుజం గుర్తో, 'టీడబ్ల్యూఐ' అనే అక్షరాలో ఉంటాయి. అక్కడి నుంచి టైరు మధ్యకు చూస్తే గాడిలో చిన్న కట్ట కనబడుతుంది. టైరు అరిగి ఆ కట్టతో సమానం అయితే మార్చవలసిందే.

(ఆ) చైను: సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టాలి. ఇంజను నడుస్తుండగా చైను తుడవకూడదు. గుడ్డ చిక్కుకుంటే వేళ్ళు పోతాయి. ఇది ఈ వ్యాసం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. బ్రష్షుతో కిరోసిన్ పూసి మురికి వదిలించి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిలు పలుచగా రాయాలి. రబ్బరు రింగులున్న చైనుకు పెట్రోలు, ఇనుప బ్రష్షు తగలరాదు. చైను కింది భాగం మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే 20 నుంచి 30 మి.మీ. ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట వదులు, మరోచోట బిగువు ఉంటే చైను, పళ్ళ చక్రాలు అరిగాయని అర్థం.

బిగించేటప్పుడు ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా వచ్చేట్టు జరపాలి. ఒక వైపు గీత తప్పితే చక్రం వంకరగా తిరిగి టైరు, చైను రెండూ అరుగుతాయి. తర్వాత ఇరుసు నట్టు బిగించాలి. దానికి పిన్ను ఉంటే తప్పక పెట్టాలి. చక్రం వెనక్కు జరిగింది గనుక వెనక డ్రమ్ము బ్రేకు బిగువు కూడా మారి ఉంటుంది. దాన్ని సరిచూడకుండా బండి తీయకూడదు. చైనుకు లాకు ఉంటే, దాని తెరిచిన కొస చైను నడిచే దిక్కుకు వెనకవైపు ఉండాలి. ముందుకు పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

(ఇ) బ్రేకులు: వెనక బ్రేకు పెడలు 20 నుంచి 30 మి.మీ., ముందు డ్రమ్ము బ్రేకు లివరు కొస 10 నుంచి 20 మి.మీ. ఖాళీగా ఆడి, ఆ తర్వాత పట్టాలి. బిగించాక చక్రం ఎత్తి తిప్పి చూడాలి. రాసుకోకుండా తిరగాలి. డ్రమ్ము పక్కన బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు బాణం గీతను చేరితే లోపలి షూలు అరిగిపోయినట్టు. ఎంత బిగించినా ఇక లాభం లేదు, మార్చాలి. బ్రేకు భాగాల మీద ఆయిలు చుక్క కూడా పడకూడదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే 125 సీసీ వరకు బళ్ళకు రెండు బ్రేకులూ కలిసి పట్టే పద్ధతి గాని, ఏబీఎస్ గాని తప్పనిసరి చేశారు. అలాంటి బండిలో పుస్తకం చూడకుండా కేబుళ్ళు కదపరాదు.

(ఈ) ప్లగ్గు: ఇంజను చల్లబడ్డాకే విప్పాలి. ముందు చుట్టూ ఉన్న మట్టి ఊదాలి. లేకపోతే అది ఇంజను లోపల పడుతుంది. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగున్నట్టు. నల్లని పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టో, ఎయిర్ ఫిల్టరు మూసుకున్నట్టో అనుకోవాలి. తడి ఆయిలు ఉంటే ఇంజను లోపల పని ఉంది, మెకానిక్‌కు చూపాలి. మొనల సందు బండిని బట్టి 0.6 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది. ఫీలర్ గేజితో కొలవాలి. తిరిగి పెట్టేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి.

(ఉ) ఎయిర్ ఫిల్టరు: స్పాంజిది అయితే కడిగి, ఆరబెట్టి, పుస్తకంలో చెప్పినట్టు ఆయిలు పట్టించాలి. మామూలు కాగితం ఫిల్టరును లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టి దుమ్ము దులపవచ్చు. జిడ్డు పూసిన కాగితం ఫిల్టరును మాత్రం కడగరాదు, ఊదరాదు. గడువు వచ్చాక మార్చడమే.

(ఊ) ఇంజను ఆయిలు: బండిని మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని ఆయిలు పూర్తిగా దిగుతుంది. తొట్టి పెట్టి, కింది బోల్టు విప్పి, పూర్తిగా కారనివ్వాలి. బోల్టుకు వాషరు కొత్తది వేయడం మంచిది. పుస్తకంలో ఉన్నంతే కొలిచి పోయాలి. ఎక్కువ పోసినా ఇంజనుకు కీడే. మన బళ్ళలో క్లచ్చు ప్లేట్లు కూడా అదే ఆయిలులో మునిగి ఉంటాయి. అందుకే డబ్బా మీద 'జేఏఎస్ఓ ఎంఏ' అనే గుర్తున్న బండి ఆయిలే వాడాలి. కారు ఆయిలులో జారుడు గుణం పెంచే మందులు ఉండవచ్చు. అది పోస్తే క్లచ్చు జారుతుంది. ఆయిలు పోశాక బోల్టు దగ్గర కారుతోందేమో చూడాలి.

తీసిన పాత ఆయిలును కాలువలో గాని, నేల మీద గాని పోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో వాడిన ఆయిలు కూడా ఉంది. అది చర్మానికీ హాని చేస్తుంది. పాత డబ్బాలో పోసి, పాత ఆయిలు సేకరించే వర్క్‌షాపులో ఇవ్వాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పెట్రోలుతో కాదు.

5. ఎక్కడ ఆగాలి?

పనిముట్లు ఉన్నాయి కదా అని అన్నీ విప్పకూడదు. ఇంజను తెరవడం, క్లచ్చు ప్లేట్లు, ముందు ఫోర్కులు, చక్రం బేరింగులు, డిస్కు బ్రేకు నూనె, ఏబీఎస్ - ఇవి మెకానిక్ పనులు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన బళ్ళలో చాలావాటికి కార్బొరేటరు లేదు, పెట్రోలు ఇంజెక్షను ఉంది. కార్బొరేటరు స్క్రూ తిప్పి మైలేజి పెంచే రోజులు ఆ బళ్ళకు పోయాయి. వాటి సెన్సర్ల వైర్లు పీకి చూడకూడదు.

కరెంటు పనిలో మనకు సాధ్యమైనవి రెండు. ఒకటి, మల్టీమీటరుతో బ్యాటరీ చూడటం. బండి ఆపి కొన్ని గంటలైనాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కన్నా తగ్గితే చార్జింగు కావాలి. రెండు, కాలిన ఫ్యూజు మార్చడం. అదే ఆంపియరుది వేయాలి. రాగి తీగ చుట్టడం అంటే నిప్పు పెట్టుకోవడమే. బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగెటివ్ వైరు విప్పాలి.

మెకానిక్ అన్న దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన చేసే పని పక్కన నిలబడి చూడాలి. ఏ పానా ముందు తీశాడు, దేనికోసం ఆగి విన్నాడు అన్నది గమనించాలి. ఆయన ఇచ్చే పాఠానికి ఫీజు లేదు. కావున ఆయన కూలీ దగ్గర బేరాలాడకూడదు. మన పెట్టె ఉద్దేశం ఆయన పొట్ట కొట్టడం కాదు. ఆయన "బ్రేకు షూలు అరిగాయి" అన్నప్పుడు అది నిజమో కాదో మన కంటితో చూసి తెలుసుకోవడం.

6. ఉమ్మడి పెట్టె

మా బ్యాచ్‌లో నలుగురం పట్నంలో ఒకే గదిలో అద్దెకున్నప్పుడు పనిముట్లు తలా ఒకటి కొనుక్కున్నాము. ఒకరు పానాలు, ఒకరు పంపు, ఒకరు టీ పానాలు, ఒకరు మల్టీమీటరు. పెట్టె మీద నలుగురి పేర్లూ ఉండేవి. లోపల ఒక నోటు పుస్తకం. ఎవరు ఏది తీశారు, ఎప్పుడు పెట్టారు అని హాస్టల్ స్టోరు రిజిస్టరు లాగే రాసేవాళ్ళం. అందులోనే ప్రతి బండికి ఒక పేజీ. ఆయిలు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, చైను బిగించిన తేదీ. ఒకరాత్రి డ్యూటీకి బయలుదేరుతున్న మిత్రుని బండి వెనక బ్రేకు బాణం గీత దాటడం ఆ తనిఖీలోనే కంటబడింది. మర్నాడు ఉదయం షూలు మార్చేవరకు ఆయన బస్సులో వెళ్ళాడు. పార్సిళ్ళ సంచి వీపున వేసుకుని, లారీల మధ్య రోజుకు ఎన్నో కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ బాణం గుర్తు ఎంత విలువైనదో వేరే చెప్పనవసరం లేదు. ఇంటి దగ్గర అతని జీతం మీద ఆధారపడిన వాళ్ళు ఐదుగురు.

అందుకని ఈ వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థులం కలిసి, రెండవ విడత వరకు ఉన్న పనిముట్లతో ఒక ట్రంకు పెట్టె హాస్టల్‌కు ఇస్తున్నాము. వార్డెన్ గారి అనుమతితో, ఇంటర్, పదో తరగతి తమ్ముళ్ళలో ఇద్దరు దాని బాధ్యత చూస్తారు. ముందు హాస్టల్ సైకిళ్ళ మీద, తర్వాత సెలవులకు వచ్చే అన్నల బళ్ళ మీద, పెద్దల సమక్షంలో నేర్చుకోవచ్చు. చదువు పక్కన పెట్టి మెకానిక్ కమ్మని మేము అనడం లేదు. ఇష్టం ఉన్నవారికి మాత్రం దారి ఉంది. పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ వెహికల్ ట్రేడు రెండు సంవత్సరాలు, డీజిల్ మెకానిక్ ఒక సంవత్సరం. ఇంజనీరింగు చదవబోయే తమ్ముడికి కూడా, చేత్తో నట్టు తిప్పిన అనుభవం పుస్తకంలోని బొమ్మను త్వరగా అర్థం చేయిస్తుంది. చేతికి గ్రీజు అంటే పనిని చిన్నచూపు చూసేవాళ్ళు అన్ని చోట్లా ఉంటారు. మన తల్లిదండ్రుల చేతులు చూసి పెరిగిన మనకు ఆ చిన్నచూపు ఉండకూడదు.

7. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

(1) పానా మీద 12 అని ఉంటే ఆ 12 దేని కొలత?
(2) బిగిసిన నట్టుకు ఓపెన్ పానా కన్నా రింగు పానా ఎందుకు మంచిది?
(3) డ్రెయిన్ బోల్టుకు 25 న్యూటన్ మీటర్లు కావాలి. పానా పొడవు 20 సెంటీమీటర్లు. ఎంత బలం పెట్టాలి? (జవాబు: 125 న్యూటన్లు, అంటే సుమారు 13 కిలోల బరువు.)
(4) చైను బిగించాక తప్పక చూడవలసినది ఏది?
(5) కారు ఆయిలు బండిలో ఎందుకు పోయరాదు?
(6) మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఉన్న ఒక బండి వెనక బ్రేకు బాణం ఎక్కడుందో చూసి రండి. అరిగి ఉంటే ఆ ఇంటివారికి ఆ రోజే చెప్పండి.

ఆరవ ప్రశ్నకు జవాబు నోటు పుస్తకంలో రాయనక్కర్లేదు. చెప్పి వస్తే చాలు.

మీ అన్నలు,
పూర్వ విద్యార్థుల బృందం